పర్సంటేజీ కొలిచారు, బీపీ కొలవలేదు



నా బరువెంతో నాకు ఇరవై రెండేళ్లపాటు తెలియదు. వినడానికి వింతగానే ఉంటుంది. బరువు చూసుకోవడం ఎంతసేపటి పని? మిషనెక్కి నిలబడితే చాలు. చిక్కంతా ఆ 'నిలబడితే' దగ్గరే ఉంది. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. క్యాలిపర్లు బిగించుకుని, చంకకర్రల ఊతంతో నాలుగడుగులు వేస్తాను. మిగిలిందంతా చక్రాల కుర్చీయే. ఆ చిన్న మిషను మీద కర్రలు వదిలేసి నిలబడలేను. కర్రలు పట్టుకుని నిలబడితే సగం బరువు అవే మోస్తాయి, ముల్లు అబద్ధం చెబుతుంది. అందుకని ఏ ఆసుపత్రికి వెళ్లినా నర్సమ్మ నన్నొకసారి ఎగాదిగా చూసి, ఓపీ చీటీలో బరువు అన్నచోట ఏదో ఒక అంకె వేసేది. ఒకచోట యాభై, ఇంకోచోట అరవై. కంటితోనే తూకం అన్నమాట.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. పిల్లలు అలా ఉజ్జాయింపుగా జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని.

అయితే నాకు కచ్చితంగా తెలిసిన అంకె ఒకటుంది. నా పర్సంటేజీ ఎనభై. సదరం క్యాంపు పేరు వినని వికలాంగులు మన రెండు రాష్ట్రాల్లో ఉండరు. డాక్టర్లు కూర్చుని కాలు వంచి, చెయ్యి చాపి, చూపు పరీక్షించి, వైకల్యం ఎంత శాతమో తేల్చి చెబుతారు. నలభై, ఆపైన ఉంటే పింఛను, బస్సు పాసు, రిజర్వేషను. అది అవసరమే, కాదనను. కానీ ఆ బల్ల ముందుకు వచ్చినవాళ్ల బీపీ ఎంత, షుగర్ ఎంత అని అక్కడ అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఎందుకంటే ఆ క్యాంపు మా ఒంట్లో లేనిదాన్ని కొలవడానికి పెట్టింది. ఉన్నదాన్ని చూసే క్యాంపు వేరే ఉండాలి. ఈ వేళ నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

నలభై ఏడో ఏట నాకు తరచూ తలనొప్పి వచ్చేది. మెడ లాగేది, ఆయాసం వచ్చేది. ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. "కర్రల మీద భారమంతా వేస్తారు కదమ్మా, మెడ నరాలు పట్టేసి ఉంటాయి" అన్నారు ఒకరు. "పోలియో కేసుల్లో ఇది మామూలే" అన్నారు మరొకరు. నొప్పి మాత్రలు మింగాను. ఆఖరికి పన్ను పీకించుకోవడానికి వెళితే, ఆ పళ్ల డాక్టరు చేతికి పట్టీ కట్టి చూసి, పట్టకారు పక్కన పెట్టేశాడు. బీపీ 180, కింద 110. "అమ్మా, ఇవాళ పన్ను సంగతి మర్చిపోండి" అన్నాడు. అన్నాళ్లూ అందరూ నా కాలు చూశారు. కాలు కాకుండా నేనంటూ ఒకదాన్ని ఉన్నానని పళ్ల డాక్టరు కనిపెట్టాడు.

దీంట్లో ఎవరి దుర్మార్గమూ లేదు. ఒంట్లో కొట్టొచ్చినట్టు కనపడే లోపం ఒకటుంటే, చెప్పిన ప్రతి బాధనూ దాని ఖాతాలో రాసేయడం చూసేవారికి సులువు. డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి మందకొడిగా ఉంటోంది, ఒళ్లు చేస్తోంది అంటే, "ఆ పిల్లలు అంతే" అంటారు. నిజానికి డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి థైరాయిడ్ సమస్య మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తుంది. చిన్న రక్తపరీక్షతో బయటపడుతుంది, రోజుకో మాత్రతో అదుపులో ఉంటుంది. మానసిక వ్యాధికి మందులు వాడే అబ్బాయికి దాహం ఎక్కువైందంటే, "ఆ మందులకి నోరు ఎండుతుందిలే" అని ఊరుకుంటారు. ఆ మందుల్లో కొన్ని బరువునూ షుగర్‌నూ పెంచుతాయి కాబట్టి, అతని షుగర్ ఇంకా ముందుగా చూడాలి.

అసలు స్క్రీనింగ్ అంటే ఏమిటి? ఏ బాధా లేని మనిషిని పిలిచి పరీక్ష చేయడం. బీపీ, షుగర్, కొన్ని రకాల క్యాన్సర్లు మొదట్లో నొప్పి పుట్టించవు, చప్పుడు చేయవు. అవి గోల చేసేసరికి ఆలస్యమైపోతుంది. మామూలు మనిషి విషయంలోనే ఇది నిజం. బాధ చెప్పుకున్నా వేరే ఖాతాలోకి పోయే మాలాంటివారి విషయంలో ఈ పరీక్షలు ఇంకెంత అవసరమో మీరే ఊహించండి.

ఇంకో సంగతి. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించారు. అది గర్వించదగ్గ విజయం. పోలియో పోయింది, పోలియో వచ్చినవాళ్లం మాత్రం ఉన్నాం. డెబ్బైలలో, ఎనభైలలో పుట్టి చుక్కల మందు అందనివాళ్లకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లు. సరిగ్గా బీపీ, షుగర్ తొంగిచూసే వయసు. జీవితమంతా కుర్చీలోనో, చేతుల మీద పాకుతూనో గడిపినవారు వాటికి మరింత తేలిగ్గా దొరుకుతారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు సుమారు 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 22 లక్షల 66 వేల మంది. అప్పటికి లెక్కలో ఉన్నవి ఏడెనిమిది రకాల వైకల్యాలే. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారట. వారిలో కొందరు మిగతావారికంటే ఇరవై ఏళ్ల ముందే చనిపోతున్నారట. షుగర్, పక్షవాతం, ఉబ్బసం, దిగులు జబ్బు, పళ్ల జబ్బులు వచ్చే ముప్పు రెట్టింపట. ఆ ఇరవై ఏళ్లనూ విధి రాత మీద వేసేయలేం. అందులో చాలా భాగం అందని వైద్యం, ఎక్కలేని మెట్లు, అడగని ప్రశ్నలు అని ఆ నివేదికే చెబుతోంది.

మరి మన దగ్గర ఏర్పాట్లు లేవా అంటే, ఉన్నాయి. 2017 నుంచి ముప్పై ఏళ్లు నిండిన ప్రతివారికీ బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలని జాతీయ కార్యక్రమం నడుస్తోంది. బీపీ, షుగర్ ఏటా చూడాలి. క్యాన్సర్ పరీక్షలు ఐదేళ్లకోసారి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఒక ఫారం నింపుతుంది. పొగాకు నములుతారా, మందు తాగుతారా, నడుం చుట్టుకొలత ఎంత, వారానికి 150 నిమిషాలైనా ఒంటికి పని చెబుతారా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా. ఈ మనిషికి వైకల్యం ఉందా, మంచం పట్టి ఉన్నారా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. ఆశా అమ్మాయి 'ఉంది' అని టిక్కు పెడుతుంది. ఆ తర్వాత? ఆ టిక్కు చూసి, ఈమె రాలేదు కాబట్టి మనమే మిషను పట్టుకుని వెళదాం అనుకునేవారుండాలి. అక్కడే తీగ తెగిపోతోంది.

పిల్లల విషయంలోనూ అంతే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వెళ్లి పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను చూస్తాయి. మంచి పథకం. కానీ సెరిబ్రల్ పాల్సీతో ఇంటి వసారాలో చాప మీద పడుకుని ఉండే పిల్లాడు బడికి రాడు. బడికొచ్చిన జీపు వాడి వీధిలోకి తిరగదు.

ఇంటింటికీ చేరడం మనకు చేతకాని పనేమీ కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టి తెలంగాణ ఊరూరా కళ్లు పరీక్షించింది. ఆ మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ కూడా అదే పేరుతో చేసింది. పరీక్ష ఊళ్లోకొస్తే జనం కదిలొస్తారని రుజువైంది. ఊరి నడిబొడ్డు నుంచి మా గుమ్మం దాకా వచ్చే ఆఖరి వంద గజాలే మిగిలాయి.

ఆ వంద గజాలు దాటి మేము ఎలాగో ఆసుపత్రికి చేరామనుకోండి. మెట్ల పక్కన ర్యాంపు ఉంటుంది. చాలాచోట్ల దాని మీద మోటారు సైకిళ్లు ఉంటాయి, అది వేరే కథ. లోపల అసలు పరీక్ష మొదలవుతుంది. డాక్టరు పడుకోబెట్టి చూసే బల్ల నా ఛాతీ ఎత్తున ఉంటుంది. ఇద్దరు ఆయాలు చంకల్లో చేతులు వేసి, బస్తాను లారీకి ఎక్కించినట్టు ఎక్కిస్తారు. ఒకసారి అలా ఎక్కిన ఆడమనిషి రెండోసారి వెళ్లదు. అమెరికాలో 2024లో ఒక ప్రమాణం తీసుకొచ్చారు. కుర్చీలోంచి బల్ల మీదకు జరగాలంటే, బల్ల కిందికి దిగే ఎత్తు 17 అంగుళాలు ఉండాలని. అంటే మూరకు ఒక అంగుళం తక్కువ. మన గౌరవానికీ అగౌరవానికీ మధ్య దూరం అంతే చూడండి, మూరెడు! నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను వంగిపోయినవారిని అడగండి. వెల్లకిలా పడుకోమంటే ఎలా పడుకుంటారు?

ఎక్స్‌రే గదికి వెళదాం. మనల్ని పలకకు ఆనించి నిలబెట్టి, టెక్నీషియన్ అడ్డుగోడ వెనక్కి వెళ్లి, "ఊపిరి బిగబట్టండి" అని అరుస్తాడు. చెవులు వినపడని మనిషికి ఆ గోడ వెనక మాట ఎలా తెలుస్తుంది? ముందే ఎదురుగా నిలబడి ఊపిరి బిగబట్టి చూపించి, గాజు కిటికీలోంచి చెయ్యి ఎత్తితే బిగబట్టాలి, దించితే వదలాలి అని సైగ నేర్పితే చాలు. ఖర్చు సున్నా. ఓపీలో పేరు పిలిస్తే వినపడక, తన వంతు పోయిన సంగతి మధ్యాహ్నానికి గాని తెలియనివారు ఎందరో. వారికి టోకెన్ నంబరు కనపడేలా బోర్డుండాలి. ఇంకో ఇబ్బంది, వెంట వచ్చిన తోడికోడలో మరిదో సైగలకు అర్థం చెబుతారు. నెలసరి గురించి, తెల్లబట్ట గురించి మరిది ద్వారా ఏ ఆడది చెప్పుకుంటుంది?

చూపులేనివారికి షుగర్ ఉంటే వైద్యులు ముందు చూడాల్సింది పాదాలు. షుగర్ ముదిరితే పాదంలో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చూపున్నవారు కనీసం పుండు చూసుకుంటారు. చూపూ స్పర్శా రెండూ లేనప్పుడు ఆ పుండును ఎవరు కనిపెట్టాలి? వేళ్లు తీసేయాల్సి వచ్చాక ఆసుపత్రే కనిపెడుతుంది. కుష్ఠు నయమైనా స్పర్శ తిరిగి రానివారిదీ ఇదే కథ. ఇక రిపోర్టు సంగతి. ఫోన్లకు పైకి చదివి వినిపించే సౌకర్యం వచ్చింది. ల్యాబువాళ్లు మాత్రం రిపోర్టును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఫొటోను ఫోను సరిగా చదవలేదు. ఆ నాలుగు అంకెలనూ అక్షరాలుగా కొట్టి పంపితే, ఎవరినీ బతిమాలకుండా ఆ మనిషి తన షుగర్ తానే వింటాడు.

ఇప్పుడు అక్కచెల్లెళ్లతో కాస్త విడిగా మాట్లాడాలి. మన దేశంలో ఆడవారికి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్. తర్వాతది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఈ రెండోదానికి మన కార్యక్రమంలో ఎక్కువగా చేసే పరీక్షలో, మోకాళ్లు మడిచి కాళ్లు ఎడంగా పెట్టి పడుకోవాలి, నర్సు పలచటి ఆమ్లం పూసి చూస్తుంది. నా కాళ్లు ఆ భంగిమలో నిలవవు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఆడపిల్లల కాళ్లు బిగుసుకుపోతాయి. పక్కకు తిరిగి పడుకున్నా ఈ పరీక్ష చేయొచ్చు, ఓపిక ఉండాలంతే. ఇంకో మేలైన మార్గం కూడా వచ్చింది. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను పట్టే హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఎవరికివారే తీసి ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. బల్ల ఎక్కక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు. ఈ పరీక్ష మన ఊళ్లకు వచ్చిన రోజున మొదటి కిట్లు మాకివ్వాలని నా కోరిక.

కానీ బల్లకంటే ఎత్తయిన అడ్డం ఇంకొకటుంది. నలభై దాటాక ఒకచోట ఈ పరీక్ష గురించి అడిగాను. అక్కడి సిస్టరు నా కుర్చీ వైపు చూసి, "మీకెందుకమ్మా అదీ" అంది. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆ సంగతి అడగనైనా లేదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి సంసారం ఉండదని ఆమె మనసులో తీర్మానించేసుకుంది. పెళ్లి కాని వికలాంగ స్త్రీలకైతే రొమ్ము పరీక్ష కూడా అక్కర్లేదనుకుంటారు. రొమ్ము క్యాన్సర్ పెళ్లి పత్రిక చూసి వస్తుందా?

చట్టం ఏమంటోందో చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దాని 25వ సెక్షన్ అంతా ఆరోగ్యం గురించే. దగ్గర్లో, ముఖ్యంగా పల్లెల్లో, ఆదాయ పరిమితికి లోబడి ఉచిత వైద్యం అందించాలి. ఆసుపత్రిలో ప్రతి భాగానికీ అడ్డంకులు లేకుండా వెళ్లగలగాలి. వైద్యంలో మాకు ప్రాధాన్యం ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రులను కూడా ఇందులో చేర్చారు, గుర్తుంచుకోండి. పిల్లలందరినీ ఏడాదికొకసారైనా పరీక్షించాలనీ, వికలాంగ స్త్రీల పునరుత్పత్తి ఆరోగ్యం చూడాలనీ అదే సెక్షన్ చెబుతోంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరీ కేసులో మరో అడుగు వేసింది. భవనాలు, సేవలు అందుబాటులో ఉంచే నియమాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనాన్ని చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే.

ఇంకొక్క మాట, ఇది చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' అనే ఆరోగ్య బీమా ఇస్తోంది. లక్ష రూపాయల వరకు. జబ్బేమీ లేకపోయినా చేయించుకునే మామూలు చెకప్పులకు, పళ్ల సంరక్షణకు కూడా అందులో చోటుంది. అలాంటి బిడ్డలున్న తల్లిదండ్రులు తప్పక కనుక్కోండి.

చట్టాలు, తీర్పులు పైనుంచి దిగేలోపు కింద చేయగలిగిన పనులున్నాయి. నా బరువు కథ దగ్గర ఆగాం కదా. మా ఊరి క్లినిక్‌కి కొత్తగా వచ్చిన ఏఎన్ఎమ్ చీటీలో బరువు గడి ఖాళీగా వదిలేసి, పెన్ను పక్కన పెట్టింది. "టీచర్ గారూ, ఊహించి రాయడం నాకు ఇష్టం లేదండీ. ఒక్క అరగంట ఓపిక పడతారా?" అంది. పక్కనే రేషను షాపు. బస్తాలు తూచే కాటా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, నన్ను అందులో కూర్చోబెట్టింది. 64 కిలోల 300 గ్రాములు. నేను దిగాక ఖాళీ కుర్చీ 2 కిలోల 400. తీసివేత నేనే చేశాను. 61 కిలోల 900 గ్రాములు. రేషను డీలరు నవ్వుతూ, "బియ్యం బస్తాకంటే మీరే బరువు టీచర్ గారూ" అన్నాడు. ఎత్తు కూడా అంతే. నిలబడలేనివారి ఎత్తును, రెండు చేతులూ బారచాపి ఆ కొసనుంచి ఈ కొసకు కొలిచి అంచనా వేస్తారు. మన పెద్దలు బావిలోతు బారల్లో చెప్పేవారు, నా ఎత్తూ బారల్లోనే తేలింది.

ఆ అమ్మాయి దగ్గర కొత్త యంత్రం ఏదీ లేదు. ఊహించి రాయకూడదన్న పట్టుదల ఒక్కటే ఉంది.

ఇలాంటివే ఇంకొన్ని. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాడికి రక్తం తీయాలంటే పొద్దున్నే, రద్దీ లేనప్పుడు పిలవండి. సిరంజిని ముందు చూపించండి, అమ్మ చేతికి ఉత్తుత్తిగా గుచ్చి చూపించండి. ఆ రోజు కుదరకపోతే మర్నాడు చేద్దాం. చూపులేనివారిని ముట్టుకునే ముందు మాట చెప్పండి. ఎవరికైనా సరే, ప్రశ్న వెంట వచ్చినవారిని కాదు, ఆ మనిషినే అడగండి. ఊళ్లోకి 104 వైద్య బండి వచ్చే రోజుంటే, రాలేనివారి పేర్ల జాబితా ముందే సిద్ధం చేసుకోండి.

మేము ఎప్పుడూ చేయి చాచేవాళ్లమే అనుకోకండి. జర్మనీలో ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే స్త్రీల వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. చూపులేనివారి వేళ్లకు స్పర్శ సూక్ష్మంగా తెలుస్తుంది కదా, వారికి రొమ్ము పరీక్షలో శిక్షణ ఇస్తే? అలా తర్ఫీదైన అంధ మహిళలు చాలా చిన్న గడ్డలను కూడా వేళ్లతో పసిగడుతున్నారు. మన దేశంలో, ఢిల్లీలో కూడా అంధ మహిళలు ఈ పని నేర్చుకున్నారు. చూపున్నవారి రొమ్ములో దాక్కున్న జబ్బును చూపులేని చెయ్యి కనిపెడుతోంది. ఆ చేతికి మన ఊళ్లలో ఎప్పుడు పని ఇస్తామో మరి.

మమ్మల్ని వికలాంగులనాలా, దివ్యాంగులనాలా అని పెద్దలు వాదించుకుంటూ ఉంటారు. ఏ పేరైనా పెట్టండి. ముందు చేతికి పట్టీ కట్టండి.

శ్రోతల్లారా, మీ వీధిలో కూడా తలుపు చాటున ఉండిపోయిన మనిషి ఒకరుంటారు. మంచం మీది పెద్దాయనో, మాట రాని చెల్లెలో, బడికి పోని పిల్లాడో. పింఛను వస్తుంది కాబట్టి వారి పర్సంటేజీ ఎంతో వీధి వీధికంతా తెలుసు. ఈసారి ఆశా కార్యకర్త మీ ఇంటికొచ్చి మీ బీపీ చూసి వెళ్లబోతుంటే, ఆ గుమ్మం వైపు చెయ్యి చూపించండి. "అక్కడ కూడా చూసి వెళ్లమ్మా" అనండి.